దుప్పటి కప్పండి, ప్లగ్గు తీయకండి

సిగ్నల్ పిన్ని పనిలోకి దిగిందంటే ఆమె చెవిలో బాబాయి గొంతు మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు అంటూ వంద దాకా లెక్కపెడతాడాయన. అరవై మూడు దగ్గర ఒక దగ్గు. ఎనభై ఒకటికీ ఎనభై రెండుకీ నడుమ "పాలు చూడవోయ్, పొంగుతున్నాయి!" అని ఒక కేక. ఆ కంగారులో మిగతా అంకెలన్నీ పరుగున వెళ్ళిపోతాయి. వంద అయ్యాక మళ్ళీ ఒకటి, తాపీగా.

బాబాయి అంటే పిన్ని భర్త. ఆ లెక్కను ఆయనే ఫోన్లో రికార్డు చేసి ఇచ్చాడు. పిన్నికి అదే ముఖ్యమైన పనిముట్టు. ఫోన్ ఒకచోట పెట్టి, వైరు లేని ఇయర్‌ఫోన్ చెవిలో దోపుకుని, వింటూ హాస్టల్ వసారాల్లో నడుస్తుంది. అంకెలు వరసగా వినిపిస్తే అక్కడ గాలి శుభ్రంగా ఉన్నట్టు. పదిహేడు తరవాత ఇరవై రెండు వినిపించిందా, దగ్గర్లో ఏదో వస్తువు అడ్డుపడి నాలుగు అంకెలు మింగేసినట్టు.

"పాటైతే ఎక్కడ తెగిందో, ఎంత తెగిందో తెలిసి చావదు. అంకెలైతే లెక్క తప్పగానే పట్టిస్తాయి" అంటుంది.

అది నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్. రెండు వందల మందికి పైగా ఉంటారు. పిన్ని అక్కడ పంతొమ్మిదేళ్ళుగా కరెంటు పని చూస్తోంది. చేరినప్పుడు ఫ్యూజులు వేయడం, కాలిపోయిన బల్బులు మార్చడం, తిరగని ఫ్యాన్లు తిప్పడం, అంతే పని. తరవాత ఇంటర్నెట్ వచ్చింది. పెట్టెలు బిగించినవాళ్ళు బిగించి వెళ్ళిపోయారు. "నెట్టు రావట్లేదు" అని పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక, నిచ్చెన ఎవరి దగ్గర ఉందో వాళ్ళ దగ్గరికే వచ్చారు. నిచ్చెన పిన్ని దగ్గర ఉంది. అలా మొదలైంది.

ఎవరూ నేర్పలేదా అంటే, నేర్పారు. బాబాయికి ఒకప్పుడు రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని వెళితే, ఆయన తినే అరగంటా పిన్ని స్టూలు మీద కూర్చుని రేడియోల గరగరలు వింటూ ఉండేది. ఇది పక్కింటి మిక్సీ. ఇది వీధి చివర ట్యూబ్‌లైటు. ఇది కుట్టుమిషన్ మోటారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని "ఇప్పుడు చెప్పు చూద్దాం" అనేవాడు. పిన్ని చెప్పేది. రేడియోలు పోయాయి, కొట్టు మూశారు. విద్య మాత్రం పిన్ని చెవుల్లో ఉండిపోయింది.

ఆమె పిల్లలకు చెప్పే తీరు ఇది: వైఫై, బ్లూటూత్ స్పీకరు, వైరు లేని మౌసు, ఇలాంటివన్నీ గాలిలో ఒకే ఇరుకు సందులో నిలబడి మాట్లాడుకుంటాయి. ఒకటి గొంతు చించుకుని అరిచిందంటే మిగతావాళ్ళ మాట మిగతావాళ్ళకు అందదు. అరిచేదాన్ని పట్టుకుంటే చాలు, సందంతా సర్దుకుంటుంది.

ఇది మొన్నటి కాలేజీ సెలవుల సంగతి. చాలామంది ఇళ్ళకు వెళ్ళగా, పరీక్షలూ ఉద్యోగాల వేటా ఉన్న అరవై మంది హాస్టల్లో మిగిలారు. వాళ్ళలో ఒకమ్మాయిని అందరూ టీచరమ్మ అనేవారు. చిన్నప్పటి నుంచి ఆమెకు సరిగా వినిపించదు. రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మాటైతే పెదవులు చూసి కొంత, మిషన్లతో కొంత అందుకుంటుంది. కంప్యూటర్లోంచి వచ్చే మాటలకు మాత్రం మెడలో చిన్న డబ్బీ ఒకటి వేసుకోవాలి. కంప్యూటరు డబ్బీకి పంపుతుంది, డబ్బీ చెవులకు పంపుతుంది, అంతా గాలిలోనే.

గురువారం పదకొండు గంటలకు ఆమెకు ఉద్యోగం పరీక్ష. వేరే ఊళ్ళో ఒక బడి. తెర మీద కనిపించే మూడో తరగతి పిల్లలకు ఆమె అరగంట పాఠం చెప్పాలి, వాళ్ళ ప్రశ్నలకు జవాబులివ్వాలి. బడివాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు. కాలేజీ గదులకు తాళాలు. ఆమె ఉండే గదిలో ముగ్గురు, ఒక కిటికీ. నల్లబల్లా వెలుతురూ ఉన్న చోటు కింది అంతస్తులోని చదువుకునే గది ఒక్కటే.

సోమవారం ఆ గదిలో కూర్చుని, తెర మీద ఒక స్నేహితురాలికి ఉత్తుత్తి పాఠం చెప్పి చూసుకుంది. నాలుగు మాటలు వినబడటం, రెండు మాటలు మాయమవడం. "నీడ ఎందుకు పొట్టిగా ఉంది టీచర్?" అని అవతలి పిల్ల అడిగితే "పొట్టిగా... టీచర్?" అన్నంత మాత్రమే చేరింది. "నీ ఎత్తు బాగానే ఉందిగా!" అని జవాబిచ్చింది టీచరమ్మ. అవతలి పిల్ల పగలబడి నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది. ఆ తరవాత బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మంగళవారం పొద్దున్నే పిన్ని వచ్చింది. ముందు కంప్యూటరుకు వైరు లాగి నెట్టు బిగించింది, ఆ వంక లేకుండా. అయినా మాటలు తెగుతూనే ఉన్నాయి. అంటే తేడా కంప్యూటరుకూ చెవికీ మధ్య. అక్కడ వైరు పెడదామంటే ఆ డబ్బీకి వైరు దూర్చే చోటే లేదు.

"చూద్దాంలే తల్లీ" అని ఫోన్ ఆ గదిలో బల్ల మీద పెట్టి, బాబాయి లెక్కను చెవిలో పెట్టుకుని బయల్దేరింది. మెట్ల దగ్గరకు వచ్చేసరికి పదిహేడు పోయింది, పద్దెనిమిది పోయింది. ఇరవై రెండు వినిపించింది. మళ్ళీ పోయింది. 'ఉన్నావా దొంగా' అనుకుని మెట్టు మీద కాలు పెట్టింది. పైనుంచి ఎవరో "పిన్ని వస్తోందే!" అని అరిచారు. పైన నాలుగైదు తలుపులు చప్పుడు చేశాయి. ఆమె పై అంతస్తు వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. బాబాయి లెక్క నున్నగా సాగింది. దగ్గూ పాల కేకా అన్నీ వినబడ్డాయి. మూడో అంతస్తులో కూడా అంతే. కిందకు వచ్చి గదంతా తిరిగింది. ఒక్క అంకె తెగలేదు.

అప్పుడు పిన్ని ఒక మాట అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటుంది.

"గదిలో ఏమీ లేదమ్మా. గాలి శుభ్రంగా ఉంది. నీ మిషనే పాతబడిందేమో, డాక్టరుకు చూపించుకో."

టీచరమ్మ తలూపింది. మిషను కొన్నది ఏడు నెలల కిందటే. అంటే పాడైంది మిషను కాదు, చెవే అయి ఉంటుందని ఆమెకు తోచింది. మిగిలిన ఆ కాస్త వినికిడి కూడా పోతోందన్నమాట. వినబడని టీచరు పిల్లలకేం చెబుతుంది? గదికి వెళ్ళి, బడివాళ్ళకు "నేను రాలేను, మన్నించండి" అని నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుంది. పంపలేదు. బుధవారం సాయంత్రం పంపుదామనుకుంది.

ఈ సంగతి పిన్నికి తెలియదు. సాయంత్రం ఇంట్లో బాబాయి బఠాణీలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"మెట్ల దగ్గర తెగిందన్నావు?"

"తెగిందండీ. పదిహేడు నుంచి."

"పైకెళితే బాగుంది."

"బాగుంది. కిందకొచ్చినా బాగుంది."

"నడుమ ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? ఎవరో పిల్ల 'పిన్ని వస్తోంది' అని అరిచింది."

బాబాయి చేతిలో కాయ అలాగే పట్టుకుని ఆమె వంక చూశాడు. "ఏమోయ్, పంతొమ్మిదేళ్ళు సర్వీసు చేశావు. నువ్వొస్తున్నావని తెలిశాక కూడా దొంగ వస్తువు ప్లగ్గులో పెట్టుకుని నీకు ఎదురొస్తారా వాళ్ళు?"

పిన్ని నెత్తి కొట్టుకుంది.

హాస్టల్లో ఒక నియమం ఉంది. గదుల్లో ఫోన్, కంప్యూటరు తప్ప ప్లగ్గు పెట్టే వస్తువేదీ ఉండకూడదు. కనబడితే వార్డెన్ మేడమ్ తీసుకెళ్ళి స్టోరు గదిలో పడేస్తుంది, సంవత్సరం చివర ఇస్తుంది. కాబట్టి నిచ్చెనతోనో చెవిలో ఇయర్‌ఫోన్‌తోనో పిన్ని మెట్లెక్కుతోందంటే అరవై ప్లగ్గులు ఊడతాయి. ఆమె వెతికే దొంగను ఆమె అడుగుల చప్పుడే పారిపోయేలా చేస్తోంది.

"అయ్యో, ఆ పిల్లతో మిషను పాతబడిందన్నానండీ" అంది పిన్ని.

"అయితే రేపు పొద్దున్నే వెళ్ళి కాదని చెప్పు. ముందు దొంగను పట్టుకుని వెళ్ళు, మాట నిలుస్తుంది."

బుధవారం పొద్దున పిన్ని నిచ్చెన తీసుకెళ్ళలేదు. ఇయర్‌ఫోన్ కూడా సంచిలోనే ఉంది, ఫోన్ మాత్రం ముందే కింద చదువుకునే గదిలో పెట్టింది. పై అంతస్తు వసారా మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. తలలు బయటకొచ్చాయి.

"అందరూ వినండర్రా. టీచరమ్మకు రేపు పరీక్ష. ఆ పిల్ల చెవిలో మాట పడకుండా మనింట్లో ఏదో వస్తువు అరుస్తోంది. ఏదో నాకు తెలియదు. ఎవరిదో నాకు అక్కర్లేదు. దాన్ని పట్టుకోవాలంటే అది ప్లగ్గులోనే ఉండాలి. నేను గోడ వైపు తిరిగి ముప్పై లెక్కపెడతాను. ఈలోగా ఎవరి సామాను మీద వాళ్ళు దుప్పటి కప్పుకోండి. దుప్పటి కప్పండి, ప్లగ్గు తీయకండి. నేను చెవులతో వచ్చాను, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చాను."

ఒకమ్మాయి చెయ్యెత్తింది. "దుప్పటి కప్పితే సిగ్నల్ ఆగిపోదా పిన్నీ?"

"దుప్పటికి అంత శక్తే ఉంటే నా ఉద్యోగం దానికిచ్చేవాళ్ళు."

"మరి మేడమ్‌కి..."

"మేడమ్ అడిగితే దుప్పట్లు చూశానని చెబుతాను. అది నిజమేగా. ఒక్క మాట, వేడెక్కే సామాను ఏదైనా ఉంటే ఆర్పేయండి. దాని మీద దుప్పటి వేశారంటే వార్డెన్ కాదు, ఫైరింజను వస్తుంది. గాలిలో మాట్లాడేవి మాత్రం ఉండనివ్వండి. ఒకటి... రెండు..."

గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక ఒకటే హడావుడి. ఏదో కింద పడింది. "అది కాదే, పెద్ద దుప్పటి!" అన్నారెవరో. ముప్పై అయ్యాక పిన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇటు తిరిగింది.

మొదటి గదిలో కుర్చీ మీద గులాబీ దుప్పటి. లోపల డబ్బా ఆకారం. పిన్ని దాని పక్కగా నడిచింది. నలభై ఒకటి, నలభై రెండు. ఏమీ లేదు. రెండో గదిలో బల్ల మీద రెండు దుప్పట్లు, ఒకదాని కింద నీలం వెలుగు. అంకెలు కాస్త తడబడ్డాయి, సర్దుకున్నాయి. మూడో గదిలో మంచం మొత్తానికే ముసుగు. "దీనికింద మనిషి గానీ ఉందా?" అంది పిన్ని. "నేనే పిన్నీ, నిద్రపోతున్నా" అంది దుప్పటి.

వసారా చివర, చదువుకునే గదికి సరిగ్గా నెత్తిన ఉన్న గది గుమ్మంలో బాబాయి యాభై నాలుగు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ పలకలేదు. పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. అరవై. ఒక అడుగు ముందుకు వేసింది. ఏమీ లేదు. గదిలో రింగుల జుట్టు పిల్ల ఒకతి బాల్కనీ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. ఆమె వెనక, బాల్కనీలో, బట్టల బుట్ట మీద కప్పిన ఆకుపచ్చ దుప్పటి మ్యావ్ అంది.

రింగుల జుట్టు పిల్ల గట్టిగా దగ్గింది.

"నేను చెవులతో వచ్చానన్నాను. చెవులకు వినబడింది మరి" అంది పిన్ని.

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. చంటివి మూడున్నాయి. ఇంకా కళ్ళు కూడా తెరవలేదు."

"పిల్లి అరుపు గాలిలో మాటలు తినదు తల్లీ. ఇంకేం పెట్టారు అక్కడ?"

దుప్పటి తీశారు. బుట్టలో తల్లి పిల్లి, పక్కన మూడు గుప్పెళ్ళు. వాటి మీదకు వంచి కట్టిన తెల్లటి కెమెరా ఒకటి. రింగుల జుట్టు పిల్ల అక్క తన కొడుకు ఊయల దగ్గర పెట్టుకునే కెమెరా అది. వాడు నడక నేర్చాక పనికిరాదని చెల్లెలికిచ్చేసింది. గోడ మీదుగా ఒక గండుపిల్లి వస్తోందని, అది కనబడగానే పరుగెత్తుకొచ్చేందుకు ఆ గది అమ్మాయిలు చీపురుతో సహా వంతులు వేసుకుని తెర చూస్తున్నారు. పాతకాలం రకం కెమెరా. పక్కవాళ్ళు మాట్లాడుతున్నారేమోనని ఆగి చూసే తెలివి దానికి లేదు. రాత్రనక పగలనక సందు నడిమధ్యలో నిలబడి అరవడమే దాని పని. పిన్ని వస్తోందని తెలిసినప్పుడు మాత్రమే దానికి విశ్రాంతి.

పిన్ని ప్లగ్గు తీసింది. చెవిలో బాబాయి "డెబ్బై ఒకటి" అన్నాడు.

"మా వల్లనా?" అంది రింగుల జుట్టు పిల్ల. ముఖం పాలిపోయింది. "టీచరమ్మ నిన్న అన్నం తినలేదు పిన్నీ. మా వల్లనా?"

"నా వల్ల కూడా. పద, ఏడుపు తరవాత. మీ చంటివాళ్ళను కాయడానికి వైరున్న కెమెరా ఒకటి స్టోర్లో మూలుగుతోంది. మధ్యాహ్నానికి బిగిస్తాను. అప్పటిదాకా చీపురు పట్టుకుని ఇక్కడే కూర్చో."

తరవాత పిన్ని టీచరమ్మ గదికి వెళ్ళింది. ఎదురుగా కూర్చుని, ఆమెకు పెదవులు కనబడేలా నిదానంగా చెప్పింది.

"నిన్న తప్పు మాట అన్నాను. నీ మిషను బాగుంది. నీ చెవి బాగుంది. బాగాలేనిది పైనున్న ఒక వస్తువు. తీసేశాను."

టీచరమ్మ నమ్మలేదు. ఊరడించడానికి చెబుతోందనుకుంది. "ఫర్వాలేదు పిన్నీ. నేను రానని రాసేశాను. పంపడమే మిగిలింది" అంది.

"పంపే ముందు ఒక్క వంద విను. అంతే అడుగుతున్నాను."

ఇద్దరూ చదువుకునే గదికి వెళ్ళారు. పిన్ని ఆ లెక్కను కంప్యూటర్లోకి ఎక్కించి, దాన్ని గది ఆ చివర బల్ల మీద పెట్టింది. శబ్దం బయటకు రాదు, డబ్బీ మీదుగా టీచరమ్మ చెవులకే. పిన్నికి ఏమీ వినబడదు. ఆ పిల్ల ముఖం చూడటం తప్ప చేయగలిగింది లేదు. గోడ గడియారం చూస్తూ మనసులో తనూ లెక్కపెట్టుకుంటోంది. పదిహేడు అయింది, ఇరవై రెండు అయింది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. అరవై మూడు దగ్గర కనుబొమలు కదిలాయి. పిన్ని చీర కొంగు చేత్తో మెలిపెడుతోంది. ఎనభై. ఎనభై ఒకటి.

టీచరమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"పిన్నీ! పాలు పొంగాయా మరి?"

"పొంగాయే తల్లీ, పొయ్యంతా పొంగాయి!" అంటూ పిన్ని ఆ పిల్లను గుండెకు అదుముకుంది. వంద ఎప్పుడు అయిందో ఇద్దరూ చూడలేదు.

గురువారం పది ముప్పావుకు పిన్ని ఒకసారి గాలి చూసుకుందామని పై అంతస్తుకు వెళ్ళింది. వసారాలో పిల్లలంతా గోడకు వీపులు ఆనించి వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్క గదిలో ఒక్క ప్లగ్గు లేదు. ఫోన్లన్నీ ఆపేసి ఒక బకెట్లో వేశారు. ఎవరూ చెప్పలేదు. "ఊపిరి కూడా ఆపమంటే ఆపుతాం పిన్నీ" అంది నిన్న ముసుగుతన్ని పడుకున్న పిల్ల. రింగుల జుట్టు పిల్ల చీపురు ఒళ్ళో పెట్టుకుని బాల్కనీలో కాపలా ఉంది.

పిన్ని కిందకు వచ్చి చదువుకునే గది తలుపు బయట నిలబడింది. లోపలి నుంచి టీచరమ్మ గొంతు ఒక్కటే వినబడుతోంది. పొద్దున నీడ పొడుగ్గా ఎందుకుంటుంది, మధ్యాహ్నం ఎందుకు పొట్టిదవుతుంది. తరవాత కాస్త నిశ్శబ్దం. అవతల ఎవరో ఏదో అడుగుతున్నారు. పిన్ని తలుపుకు చెవి ఆనించింది.

"వెనక వరసలో ఎర్ర రిబ్బను పాప అడిగింది కదూ?" అంది టీచరమ్మ. "నా చెవిలో ఇదేంటని. మంచి ప్రశ్న. మీలో కళ్ళజోడు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, ముగ్గురు. మీ కళ్ళకు అది ఎలాగో, నా చెవులకు ఇది అలాగ. ఇప్పుడు చెప్పు, నీ నీడకు కూడా రిబ్బను ఉంటుందా?"

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, పైకి చూసి, మెట్ల కటకటాల్లోంచి తొంగిచూస్తున్న పది పదిహేను తలలకు బొటనవేలు ఎత్తి చూపించింది.

ఉద్యోగం వచ్చింది. ఆ తరవాతి వారం వార్డెన్ మేడమ్ పిన్నిని పిలిచి, "పై అంతస్తులో ఏదో పట్టుకున్నారటగా, ఏం దొరికిందమ్మా?" అని అడిగింది.

"దుప్పట్లండీ. బోలెడు దుప్పట్లు."

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, "ఆ దుప్పట్లలో ఒకటి పిల్లలు పెట్టిందని విన్నాను. పెద్దవయ్యాక ఒకదాన్ని మా ఇంటికి పంపండి, ఎలకలు ఎక్కువయ్యాయి" అంది.

పిల్లలు తన ముందు ప్లగ్గు తీయకుండా ఉన్నందుకు ఆ అరవై మందికీ తాను రుణపడి ఉన్నానంటుంది పిన్ని. ఇప్పుడు ఆమె మెట్లెక్కుతుంటే "పిన్ని వస్తోంది" అన్న కేక వినబడుతుంది గానీ, వెంటనే "దుప్పట్లు!" అని ఇంకో కేక కూడా వినబడుతుంది.

మూడు నెలలకు టీచరమ్మ దగ్గర్నుంచి ఒక రికార్డింగు వచ్చింది. మూడో తరగతి పిల్లలంతా కలిసి ఒకటి నుంచి వంద దాకా గొంతెత్తి లెక్కపెట్టారు. "బాబాయికి విశ్రాంతి ఇవ్వు పిన్నీ, ఇకమీదట దీంతో వెతుకు" అని కింద రాసింది. పిన్ని మురిసిపోయి మర్నాడే అది చెవిలో పెట్టుకుని పనిలోకి దిగింది. యాభై ఐదు తరవాత యాభై ఏడు వినిపించింది. నిచ్చెన తెచ్చింది, పెట్టెలు విప్పింది, వసారా రెండుసార్లు తిరిగింది. ఎక్కడ నిలబడినా యాభై ఆరు లేదు. చివరకు తెలిసింది, ఆ అంకెను మింగింది పిల్లలేనని.

అందుకని వెతకడానికి ఇప్పటికీ బాబాయి లెక్కే. పని అయ్యాక మెట్ల మీద కూర్చుని టీ తాగేటప్పుడు మాత్రం పిల్లల లెక్క పెట్టుకుంటుంది. యాభై ఐదు రాగానే గ్లాసు పక్కన పెట్టి, యాభై ఆరు తనే అంటుంది.